అలుగు కోసం ఉంచిన ఫ్రేము

పోయినవి ముందు లెక్క పెడతాను. నాకు అదే అలవాటు.

రెండు కళ్ళు, మా అన్నవి. ఒక కొండవాలు. ఆ వాలులో ఒక బొరియ. గ్రాంట్ రోడ్ స్టూడియోలో అన్న ఉద్యోగం. ఎదురింటి వాళ్లకు కూడా వినిపించే మా నాయిన నవ్వు. ఒక జంతువు కూడా ఉంది గాని, దాన్ని పోయిన వాటిలో వేయాలో లేదో నాకు ఇప్పటికీ తేలలేదు.

వీటన్నిటినీ కూడుదామని చాలాసార్లు కూర్చున్నాను. కుదరదు. కూడాలంటే అన్నీ ఒకే కొలతలో ఉండాలి. మట్టినైతే బ్రాసుల్లో కొలుస్తాం. గుంత పొడవును వెడల్పుతో, లోతుతో అడుగుల్లో గుణించి వందతో భాగిస్తే ఎన్ని బ్రాసుల మట్టి తీశారో తెలుస్తుంది. కళ్ళనూ కొండనూ నవ్వునూ ఏ కొలతలోకి మార్చి కలపాలో నాకు తెలియదు. ఏడో తరగతి తర్వాత లెక్కలన్నీ నేనే నేర్చుకున్నాను. ఇదొక్కటి రాలేదు.

మా తాత పాలమూరు నుంచి బొంబాయికి పునాదులు తవ్వడానికి వచ్చాడు. నాయిన కూడా అదే పని చేశాడు. కామాఠిపురాలో ఒక చాల్‌లో, వరస గదుల పాత మేడలో, మూడో అంతస్తున మాది ఒకే ఖోలీ. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నేను మేస్త్రీల దగ్గర మట్టి కొలతలు రాసేవాణ్ణి. నాకంటే ఆరేళ్లు పెద్దవాడైన అన్న స్టూడియోలో ఫోటోలు తీసేవాడు. పాస్‌పోర్టు సైజు ఫోటోలు, పెళ్లి ఫోటోలు. మధ్యాహ్నాలు మా వీధి ఆడవాళ్లు మంచి చీరలు కట్టుకుని, ఊళ్లో ఉన్న తల్లులకు పంపడానికి ఫోటో దిగడానికి వచ్చేవాళ్లు. అన్న వాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, వెనక తోట బొమ్మ ఉన్న తెర దించి, ముడతలు లేకుండా కొంగు సర్దుకునేదాకా ఓపిగ్గా ఆగేవాడు. వాళ్ల దగ్గర తొందర పడటం నేనెప్పుడూ చూడలేదు.

చోర్ బజార్‌లో ఒక పాత కెమెరా కొన్నాక అతనికి వేరే పిచ్చి పట్టింది. రాత్రి తిరిగే జంతువులు. మొదట మా చాల్ పెంకుల మీద తిరిగే మానుపిల్లి. తర్వాత వర్లిలో మూతపడ్డ ఒక గోదాములో గుడ్లగూబల జంట. తర్వాత గబ్బిలాలు. ఫోటోలన్నీ గోడకు అంటించేవాడు. పక్క ఖోలీ అత్త వచ్చినప్పుడల్లా వాటిని చూసి మెటికలు విరిచేది.

"పిల్లను చూసుకోరా అంటే గబ్బిలాన్ని చూసుకొచ్చినవా? కట్నం ఏమిస్తదంట?"

"రెక్కలిస్తదంట అత్తా."

"ఆ రెక్కలు కట్టుకోని ఎగిరిపో. గోడన్న ఖాళీ అయితది."

ఎండాకాలం రాత్రుళ్లు చాల్‌లో సగం మంది గదుల ముందు గ్యాలరీలోనే పడుకునేవాళ్లం. ఒక ఎండాకాలం అన్న రోజూ ఎవరో ఒకరి కాలు తొక్కేవాడు. "ఏం రా, దేశీ ఎక్కువైందా? నా కాలు నీ కంటికి మెట్టు లెక్క కనబడ్డదా?" అని తిట్లు. అన్న నవ్వి, దండం పెట్టి, గోడ పట్టుకుని నడిచేవాడు. అన్న తాగడని నాకు తెలుసు. ఒకరాత్రి చెయ్యి పట్టుకుని ఖోలీలోకి తీసుకెళ్లి నిలదీశాను.

"రేచీకటి తమ్మీ. పెద్ద దవాఖానల చూపించుకున్న. అంచుల నుంచి మూసుకుంట వస్తదంట. రాత్రి ముందు పోతది. పగలు తర్వాత."

"మందు?"

"లేదన్నడు. నాయినకు చెప్పకు."

రాత్రి కనబడనివాడికి రాత్రి జంతువుల ఫోటోలెందుకని అడిగాను. అప్పుడు అన్న చెప్పిన మాట నేను మరిచిపోలేదు. "పగలు అందరికి కనబడేటియి నాకు కనబడుతనే ఉన్నయి. రాత్రి నాకు కనబడేది ఫ్లాష్ కొట్టినంత సేపే. ఆ రెప్పపాటుల ఏం చూస్తనో, అదే నాకు రాత్రంటే."

అతను చూడాలనుకున్నది అలుగును. ఒళ్ళంతా గోళ్ళలాంటి పెంకులు, పొడుగాటి నాలుక, ముట్టుకుంటే బంతిలా చుట్టుకుపోయే జంతువు. పగలు బొరియలో పడుకుని, చీకటి పడ్డాక చెదపుట్టల కోసం బయటికి వస్తుంది. అన్న పుట్టకముందు నాయిన ఊళ్లో పనిచేస్తూ ఒక అలుగును తవ్వి తీశాడట. దాని పెంకు ఒకటి అన్న మొలతాడుకు కట్టారు, పిల్లవాడు చీకట్లో జడుసుకోకుండా. ఆ పెంకు మా ట్రంకుపెట్టెలో ఉండేది. అన్న దాన్ని అప్పుడప్పుడు తీసి వేళ్లతో తడిమి మళ్లీ పెట్టేసేవాడు. "నా నడుముకు కట్టిన దాన్ని నేను చూడనే లేదు" అనేవాడు.

ఎనభైల నడుమ ఒక ఆదివారం మా మేనత్త కూతురు, నాకు వదిన వరస, మా ఖోలీకి వచ్చింది. ఠాణే దాటాక కొండల అంచున నీళ్ల ట్యాంకుకు గుంత తవ్వే పనిలో ఆమె, ఆమె భర్త కూలీలు. పాలమూరు వాళ్లంతా అక్కడే రేకుల గుడిసెల్లో ఉండేవాళ్లు. అన్నం తింటూ అన్నతో అంది:

"బావా, మా గుడిసెల పైన వాలుల అలుగు తిరుగుతున్నది. బొంబాయిల పుట్టినోళ్లు మీకు అలుగంటే ఎరుకనా, అది గూడ సినిమల చూస్తరా?"

అన్న కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. "నిజమేనా?"

"నీతోని నేనెప్పుడన్న అబద్ధం చెప్పిన్నా? పెండ్లి చేసుకుంట అని నువ్వే చెప్పినవ్, నా పిల్లలు బడికి పోతున్నరు."

అందరం నవ్వాం. నాయిన మాత్రం నవ్వలేదు. "దాన్ని తవ్వకుండ్రి అమ్మా. మనోళ్లకు చెప్పు. నేనొకసారి తవ్విన, అది చుట్టుకోని ఏడ్చింది. పెంకు నా కొడుకు నడుముకు కట్టిన గని, ఆ ఏడుపు నా చెవులల్ల పడింది" అన్నాడు. ఆ సంగతి అంతకుముందు మాకెవరికీ చెప్పలేదు.

గురువారం నుంచి ఆదివారం దాకా అన్న సుట్టీ తీసుకున్నాడు. స్టూడియో సేఠ్‌ను బతిమాలి ఫ్లాష్ అడిగి తెచ్చాడు. కెమెరాలో ఉన్న రీలులో రెండు ఫ్రేములే మిగిలాయి. కొత్త రీలు వేద్దామన్నాను. "అది రెండుసార్లు నిలబడితే గద" అన్నాడు.

అక్కడికి పోగానే నేను పని జాగా చూశాను. కొలిచి చూడకుండా ఉండలేను. రోజుకు వాళ్లు తీస్తున్న మట్టిని, గుంత అంచుకూ వాలుకూ ఉన్న దూరాన్ని లెక్కవేస్తే సోమవారం సాయంత్రానికి బొరియ దాకా తవ్వకం వస్తుంది. అన్నకు చెప్పాను. "అయితే నాలుగు రాత్రులున్నయి" అన్నాడు. అన్నకు అది చాలా ఎక్కువలాగే వినిపించినట్టుంది.

వదిన మాకు బొరియలు రెండు చూపించింది. ఒకటి వాలు మీద, ఒకటి గుడిసెల వెనక. "లోపలుంటే మట్టితోని మూతేసుకుంటది. తెరిచుంటే ఇంట్ల లేనట్టు. మీ చాల్ కంటె నయం, తాళంచెవి పోయిందని లొల్లి లేదు." దాన్ని బట్టి మేం పద్ధతి పెట్టుకున్నాం. వాలు మీది బొరియ మూసి ఉంటే అక్కడ కూర్చోవాలి. తెరిచి ఉంటే అలుగు రెండో దాంట్లో ఉన్నట్టు, కాబట్టి గుడిసెల వెనక కూర్చోవాలి.

పగలే ఏర్పాట్లన్నీ చేశాను. గోనెసంచులతో చిన్న మరుగు కట్టి, బొరియ నోటి నుంచి అక్కడికి టేపు పెట్టి కొలిచాను. పద్నాలుగు అడుగులు. ఫ్లాష్ మీద నూట పన్నెండు అని ఒక అంకె రాసి ఉంది. దాన్ని దూరంతో భాగిస్తే లెన్సు ఎంత తెరవాలో వస్తుందని అన్న ఎప్పుడో నేర్పాడు. ఎనిమిది. లెన్సు మీద ఎనిమిది దగ్గరా, దూరం పద్నాలుగు దగ్గరా పెట్టి, కదలకుండా దారం చుట్టాను. చీకట్లో అన్నకు ఏమీ కనబడదు కాబట్టి చూసే పని నాది. అలుగు రాగానే అన్న భుజం నొక్కాలి. అతను మీట నొక్కుతాడు.

మొదటి రాత్రి వాలు బొరియ తెరిచి ఉంది. గుడిసెల వెనక కూర్చున్నాం. కుక్కలు తప్ప ఏమీ రాలేదు.

రెండో రాత్రి పొద్దు గూకేటప్పటికి వాలు బొరియ మూసి ఉంది. సగం చంద్రుడున్నాడు. చాలాసేపటికి బొరియ నోట మట్టి కదిలింది. సన్నటి ముట్టె బయటికొచ్చి గాలి వాసన చూసింది. తర్వాత అలుగు నెమ్మదిగా, ముందు కాళ్లు ఒళ్లో దాచుకున్న ముసలమ్మలా, వెనక కాళ్ల మీద బరువేసి బయటికి వచ్చింది. నేను అన్న భుజం నొక్కాను. అన్న మీట నొక్కాడు. టక్కుమని శబ్దం వచ్చింది. వెలుగు రాలేదు. గంటల తరబడి వేసి ఉంచడంతో ఫ్లాష్ బ్యాటరీలు దిగిపోయాయి.

ఆ శబ్దానికి అలుగు నిలబడిపోయింది. మేమున్న వైపు తలెత్తింది. తర్వాత తోక ఈడ్చుకుంటూ పొదల్లోకి పోయింది. నేను చూశాను. పక్కనే, అంతకంటే పెద్దగా కళ్ళు తెరుచుకుని కూర్చున్న అన్న చూడలేదు.

"పోయిందా?"

"పోయింది."

అన్న కెమెరాను ఒళ్లోకి తీసుకున్నాడు. తర్వాత, "ఎట్లుండె?" అన్నాడు.

"మూడడుగులు ఉంటది. అండ్ల సగం తోకనే. ఎత్తు అడుగు లోపలే."

"కొలతలు గాదురా. ఎట్లుండె చెప్పు."

ముసలమ్మ పోలిక ఇప్పుడు రాశాను, అది ఎన్నో ఏళ్లకు దొరికిన పోలిక. ఆ రాత్రి నా దగ్గర అంకెలే ఉన్నాయి. వాటినే మళ్లీ చెప్పాను. అన్న నా వీపు తట్టి, "సరే పా" అన్నాడు.

మనిషి వాసనకు అది బెదురుతుందని ఆ మర్నాడు పగలంతా వాలు వైపు పోలేదు. దగ్గర్లో దుకాణాలు లేవు. వదిన భర్త సామానుకు బొంబాయికి పోతుంటే బ్యాటరీల కోసం ఇంటికి కబురు పెట్టాం. సాయంత్రం నాయినే వాటిని తెచ్చాడు. జొన్నరొట్టెలు, ఉల్లికారం కూడా మూటకట్టుకుని వచ్చాడు. మేం గుడిసెలో నిద్రపోతుంటే లేపలేదు. మూట వదిన చేతికిచ్చి, కొడుకులు కూర్చునే జాగా చూద్దామని ఒక్కడే వాలు ఎక్కాడు.

అప్పుడే కూలీలు పని దిగుతున్నారు. పిల్లలు వాలు మీద దొర్లుతూ ఆడుతున్నారు.

మా నాయిన గుంపులో ఒక కట్టుబాటు ఉండేది. పని దిగేటప్పుడు ఏ గుంతనూ తెరిచి ఉంచి రాకూడదు. పెద్ద పునాది అయితే చుట్టూ రాళ్లు పేర్చి పలకలు వేసేవాళ్లు. చిన్నదైతే పూడ్చేవాళ్లు, మర్నాడు మళ్లీ తవ్వుకోవలసి వచ్చినా సరే. వర్లిలో ఒక చాల్ కట్టేటప్పుడు చీకట్లో ఒక కూలీ బిడ్డ గుంతలో పడి చనిపోయింది. ఆ బిడ్డను పైకి తీసినవాళ్లలో నాయిన ఒకడు. ఆ తర్వాత వాళ్ల చేతులకు అది అలవాటైపోయింది. సాయంత్రం పూట తెరిచిన గుంత కనబడితే నాయిన చేతులు ఊరుకోవు.

సుమారు తొమ్మిది గంటలకు మేం వాలు ఎక్కాం. టార్చి చేత్తో మూసి సన్నగా వేసి చూశాను. బొరియ నోరు కొత్త మట్టితో మూసి ఉంది.

"అన్నా, మూసున్నది! మళ్ల వచ్చింది!"

అన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అంత గట్టిగా ఎప్పుడూ పట్టుకోలేదు. నాయిన మా వెనకే వచ్చి మరుగులో కూర్చున్నాడు. అతనికి బొరియ ఏదో మేం చూపించలేదు, చీకట్లో చూపించడానికీ లేదు. ముగ్గురం ఒకరికొకరం ఆనుకుని కూర్చున్నాం. నాయిన అన్న చెవిలో, "దానికి దండం పెట్టిన అని చెప్పు బిడ్డా" అన్నాడు. ఫ్లాష్ కొట్టినప్పుడు చెప్పమనేమో.

అర్ధరాత్రి దాటాక కింద గుడిసెల దగ్గర కుక్కలు ఒకటే మొరిగాయి. మేం కదల్లేదు. మా జంతువు మా ముందే, మూత వెనక ఉందని మా నమ్మకం.

తెల్లవారింది. మట్టి కదల్లేదు. వెలుగు పెరిగేకొద్దీ బొరియ నోరు నాకు స్పష్టంగా కనబడింది. మట్టిని లోపలి నుంచి నెట్టినట్టు లేదు. బయటి నుంచి పోసి, రాళ్లు కుక్కి, పైన అరచేత్తో నున్నగా అదిమినట్టుంది. అయిదు వేళ్ల గుర్తులు. నేను చూస్తున్న వైపే నాయినా చూశాడు. తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు.

"ఇదేనా అది?" అన్నాడు.

నేను తలూపాను.

"ఇది నేనే మూసిన బిడ్డా. నిన్న పొద్దుమీకి. తెరిచుండె. పిల్లలు దొర్లుతుండ్రి. కాలు పడతదని..."

అన్నకు ఆ మసక వెలుగులో గుర్తులు కనబడవు. మాట వినబడింది. అతను తల తిప్పి, నాయిన గొంతు వచ్చిన వైపు చెయ్యి చాపి మోకాలు పట్టుకున్నాడు.

"మంచిపని చేసినవ్ నాయినా. పిల్లలు తిరిగే జాగా."

కిందికి దిగేసరికి వదిన నీళ్లు మోసుకుంటూ ఎదురొచ్చింది. "ఏడున్నరు మీరు? రాత్రంత అలుగు మా గుడిసెల ఎనకనే ఉండె. మా ఆయన లేచి చూసిండు. కుక్కలు చుట్టుముడితే బంతి లెక్క చుట్టుకోని పడ్డది, ఎంతసేపున్నదో. ఆయన కుక్కలను కొట్టి తరిమితే లేచి కొండెక్కి పోయింది. మీరు వస్తరని చూస్తిమి." మా ముఖాలు చూసి ఆగిపోయింది. "ఏమైంది బావా?"

"ఏంగాలే. రొట్టె పెడతవా?" అన్నాడు అన్న.

ఆదివారం రాత్రి గుడిసెల వెనక మళ్లీ కూర్చున్నాం. ఏమీ రాలేదు. సోమవారం సాయంత్రానికి, నేను వేసిన లెక్క ప్రకారమే, తవ్వకం వాలును తినేసింది. కుదరకపోతే బాగుండునని నేను కోరుకున్న లెక్క అదొక్కటే.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నాయినకు అన్న కళ్ళ సంగతి చెప్పవలసి వచ్చింది. పగటి వెలుగులో కూడా అన్న స్టేషను మెట్టు దగ్గర తడబడ్డాడు, నాయిన చూశాడు. అన్నీ విని గ్రాంట్ రోడ్ వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. దిగాక ఒకటే మాట అన్నాడు: "ఒక ఫోటో నీకు బాకీ ఉన్న బిడ్డా."

నేను నాయినకు లెక్కగా చెప్పి చూశాను. ఆ సాయంత్రం బొరియ తెరిచే ఉందంటే అలుగు అప్పటికే వాలు వదిలిపోయింది. దాన్ని వెళ్లగొట్టింది మా కెమెరా శబ్దం, మా వాసన. నువ్వు మూసింది ఖాళీ ఇల్లు. దాని వల్ల పోయింది ఒక్క రాత్రే. నాయిన అంతా విన్నాడు. "ఆ రాత్రే గదరా వచ్చింది" అన్నాడు.

రెండేళ్లలో అన్న చూపు పూర్తిగా మూసుకుపోయింది. స్టూడియో సేఠ్ మంచివాడే, పెళ్లి ఫోటోల్లో తలలు తెగిపోవడం మొదలయ్యాక కూడా కొన్నాళ్లు ఉంచుకున్నాడు. ఆ రెండేళ్లూ నాయిన ఆదివారం వస్తే ఇంట్లో ఉండేవాడు కాదు. ధారావిలో కొత్తగా దిగిన పాలమూరు కూలీలను వెతుక్కుంటూ పోయి, "మీ పని కాడ అలుగు కనబడ్డదా?" అని అడిగేవాడు. వాళ్లు మందు కోసమనుకుని పెంకులు అమ్మజూపేవాళ్లు. నాయిన దండం పెట్టి వచ్చేసేవాడు. ఒకసారి ఎవరో కర్జత్ వైపు ఉందంటే వానలో ఒక్కడే పోయి, మూడో రోజు జ్వరంతో తిరిగొచ్చాడు. అప్పటికే అన్నకు ఫ్లాష్ వెలుగు కూడా కనబడటం లేదు. ఆ సంగతి నాయినకు తెలుసు. అయినా పోయేవాడు.

ఆ దశకం ముగియకముందే నాయిన పోయాడు. మావాళ్లలో దినం నాడు పెద్దమనిషి నలుగురిలో అడుగుతాడు, పోయినవాడు ఎవరికైనా బాకీ ఉన్నాడా అని. ఉంటే కొడుకులు ఒప్పుకోవాలి. గ్యాలరీలో చాపల మీద అందరం కూర్చున్నాం. పెద్దమనిషి అడిగాడు. అప్పుడు అన్న, ఎటో చూస్తూ, అందరికీ వినబడేలా, "మా నాయిన ఎవలకు బాకీ లేడు" అన్నాడు.

బాకీ ఇచ్చుకోవలసినవాడు ఉందన్నాడు, పుచ్చుకోవలసినవాడు లేదన్నాడు. ఇచ్చుకోవలసినవాడి మాటే నేను లెక్కలో వేసుకున్నాను. అతని కొడుకును కాబట్టి అది నా మీదికి వచ్చింది.

అన్న ఇప్పుడూ మా ఖోలీలోనే ఉంటాడు. గబ్బిలాల ఫోటోలు గోడ మీద వెలిసిపోయాయి. సున్నం వేసినప్పుడల్లా వాటి చుట్టూ వదిలి వేయిస్తాడు. కరెంటు పోయిన రాత్రుళ్లు, ఇద్దరికీ చీకటి సమానమైనప్పుడు, "తమ్మీ, ఎట్లుండె?" అని అడుగుతాడు. ముందు కాళ్లు ఒళ్లో దాచుకున్న ముసలమ్మ లెక్క ఉండె అని చెబుతాను. ఇంకా చెప్పమంటాడు. ఇంకేమీ రాదు.

కెమెరా ట్రంకుపెట్టెలో ఉంది, పెంకు పక్కన. రీలు తియ్యలేదు. కెమెరా మీది కౌంటరు ముప్పై ఆరు దగ్గర, ఆఖరి ఫ్రేము దగ్గర, నిలిచి ఉంది. తీసినవి ముప్పై అయిదు, చివరిది వెలుగు పడనిది. ఇన్నేళ్లలో ఫిల్ము పాడైపోయి ఉంటుంది, నాకు తెలుసు. అంకె పాడు కాలేదు.

ఇంకా ఇవ్వవలసింది: ఒకటి.